తీర్మానాల రిజిస్టర్ నుంచి గూగుల్ డాక్స్‌కు: ఒక వీఓఏ అక్కతో చేసిన పని

ఈ కేసులోని అక్క గీసుగొండ వైపు ఒక ఊళ్లో వీఓఏ, అంటే గ్రామ సంఘం సహాయకురాలు. ఊళ్లోని పొదుపు సంఘాలన్నీ కలిసిన గ్రామ సంఘానికి లెక్కలు రాయడం, మీటింగ్ తీర్మానాలు రాయడం, బ్యాంకు లింకేజి (సంఘాలకు బ్యాంకు ఇచ్చే అప్పు), స్త్రీనిధి (మహిళా సంఘాల పరపతి సంస్థ) అప్పుల కాగితాలు సిద్ధం చేయడం ఆమె పని. వయసు నలభై దాటింది, ఇంటర్ దాకా చదువుకుంది. ఫోన్‌లో తెలుగు టైపింగ్ చాలా వేగంగా చేస్తుంది. కంప్యూటర్ ముందు కూర్చోవడమే కొత్త.

నేను హనుమకొండలో పెద్దవాళ్లకు సాయంత్రం పూట కంప్యూటర్ నేర్పిస్తుంటాను. అక్క నా దగ్గరికి వచ్చేటప్పటికే గూగుల్ డాక్స్‌లో రాయడం మొదలుపెట్టింది. ఫైలు తెరవడం, పేరు పెట్టడం కూతురు చూపించింది. ఆమె బాధ వేరే.

"సార్, ఇక్కడ చూస్తే మంచిగ ఉంటది. ఫోన్ల తెరిస్తే అంత చెదిరిపోతది. ప్రింట్ తీస్తే ఇంకో తీరు వస్తది. ఏడ తప్పు చేస్తున్ననో తెలుస్తలేదు."

ఇదే మాట నేను చాలామంది దగ్గర విన్నాను. బోల్డ్ ఇక్కడ, సెంటర్ ఇక్కడ అని బటన్లు చూపించి పంపిస్తే ఈ బాధ తీరదు. ఎందుకు తీరదో, ఈ అక్క విషయంలో ఏం చేస్తే తీరిందో వివరంగా రాస్తున్నాను. సంఘాల వాళ్లకు, పంచాయతీ సిబ్బందికి, ఇంట్లో అమ్మానాన్నలకు నేర్పించేవాళ్లకు పనికొస్తుందని నా నమ్మకం.

ఫైలులో ఏముంది

ఆమె తెచ్చింది ఒక నెల మీటింగ్ తీర్మానాలు, రెండు పేజీలు. పైన సంఘం పేరు, ఊరు, మండలం మధ్యలో ఉన్నాయి. కింద తీర్మానాలు నంబర్లతో ఉన్నాయి. చివర సంతకాల కోసం అధ్యక్షురాలు ఎడమ పక్క, కార్యదర్శి మధ్యలో, కోశాధికారి కుడి పక్క. కంప్యూటర్ తెర మీద చూస్తే నిజంగానే శుభ్రంగా ఉంది.

వ్యూ మెనూలో 'షో నాన్ ప్రింటింగ్ క్యారెక్టర్స్' అనే ఆప్షన్ ఒకటుంది. అది నొక్కితే మామూలుగా కనిపించని గుర్తులు కనిపిస్తాయి: ఒక్కో స్పేస్‌కు ఒక చుక్క, ఎంటర్ కొట్టిన ప్రతిచోటా పేరా గుర్తు. నొక్కగానే పేజీ చుక్కలతో నిండిపోయింది.

"ఇవన్ని ఏంది సార్?"

"మీరు కొట్టిన స్పేసులు అక్కా."

సంఘం పేరును స్పేస్ బార్‌తో నెట్టి మధ్యకు తెచ్చింది. సంతకాల పేర్లూ అంతే. రెండో పేజీ మొదలుకావాలని వరసగా ఎంటర్లు కొట్టింది. అన్నిటికంటే ముఖ్యంగా, ప్రతి లైను చివర ఎంటర్ ఉంది. రిజిస్టర్‌లో రాసేటప్పుడు గీత చివరకు రాగానే చేయి కింది గీతకు పోతుంది కదా, అదే అలవాటు. కొన్ని మాటలకు అటూ ఇటూ నక్షత్రం గుర్తులున్నాయి. వాట్సాప్‌లో మాటకు రెండు పక్కలా నక్షత్రం పెడితే బోల్డ్ అవుతుంది, ఇక్కడా అవుతుందనుకుంది. ఆమె ఫైలులో నక్షత్రాలు నక్షత్రాలుగానే మిగిలాయి.

చెదిరిపోవడానికి కారణం ఇప్పుడు కళ్ల ముందే ఉంది. స్పేస్ వెడల్పు ఫాంట్‌ను బట్టి, సైజును బట్టి మారుతుంది. కాగితం వెడల్పు మారితే, మార్జిన్ మారితే, ఫోన్ తెర చిన్నదైతే మధ్య అనేది ఇంకోచోటికి పోతుంది. స్పేసులు మాత్రం ఉన్నచోటే ఉంటాయి. లైను చివర ఎంటర్ కొడితే ఇరుకు తెర మీద లైను సగంలో ఒకసారి, ఎంటర్ దగ్గర ఇంకోసారి విరుగుతుంది. ఒక పొడుగు లైను, ఒక పొట్టి లైను, మళ్లీ పొడుగు, మళ్లీ పొట్టి. ఆమె ఫోన్‌లో జరిగింది ఇదే.

ఆ గుర్తులు కనిపించేలా పెట్టే మిగతా పాఠాలన్నీ చేశాం. కొత్తగా నేర్చుకునేవాళ్లకు దీన్ని మొదటి రోజే చూపించాలని నేను గట్టిగా చెబుతాను. ఏం కొట్టామో కనిపిస్తే ఎందుకు చెదిరిందో అడగాల్సిన పని చాలావరకు ఉండదు.

రిజిస్టర్ తెప్పించాను

తర్వాతి క్లాసుకు సంఘం పాత తీర్మానాల రిజిస్టర్ తీసుకురమ్మన్నాను. అయిపోయిన పుస్తకం కాబట్టి అడిగి తీసుకొచ్చింది. చూస్తే ఫార్మాటింగ్ ఆమెకు ముందే వచ్చు. మీటింగ్ తేదీ, సభ్యుల హాజరు ఎర్ర ఇంకుతో. తీర్మానం నంబరు మార్జిన్ గీతకు ఎడమ పక్క. తీర్మానం సారం నీలం ఇంకుతో. ప్రతి తీర్మానం అయిపోగానే స్కేలుతో అడ్డగీత.

ఎందుకని ఒక్కొక్కటీ అడిగాను. ప్రతిదానికీ కారణం చెప్పింది. తేదీ ఎర్రగా ఉంటే ఆడిట్‌కు వచ్చినవాళ్లు పేజీలు తిప్పుతూ వెంటనే పట్టుకుంటారు. నంబరు మార్జిన్‌లో ఉంటే వచ్చే మీటింగ్‌లో ఫలానా తీర్మానం ప్రకారం అని రాయడానికి దొరుకుతుంది. అడ్డగీత ఎందుకంటే, "తర్వాత ఎవ్వరు ఇంకో మాట ఇరికియ్యకుండ సార్."

ఈ మూడు కారణాల మీదనే పాఠాలు కట్టుకున్నాను. వెతికితే దొరకాలి. నంబరు చెబితే అదే తీర్మానం రావాలి. రాసిందాన్ని ఎవరూ తెలియకుండా మార్చకూడదు. మొదటిదానికి హెడింగ్ స్టైల్, రెండోదానికి నంబర్ లిస్ట్. మూడోదానికి ఫార్మాటింగ్‌లో జవాబు లేదు, డాక్స్‌లో ఉంది: ఫైల్ మెనూలోని వెర్షన్ హిస్టరీ. ఫైలు ఎడిట్ చేసే అనుమతి ఉన్నవాళ్లు దాన్ని తెరిస్తే ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో రంగుల్లో కనిపిస్తుంది. అది చూపించినప్పుడు అక్క ముఖంలో నిశ్చింత కనిపించింది. మిగతా వాళ్లకు చూసే అనుమతి మాత్రమే ఇవ్వొచ్చని కూడా అప్పుడే చెప్పాను. అధ్యక్షురాలికి, సంఘాల పనులు చూసే సీసీకి (కమ్యూనిటీ కోఆర్డినేటర్‌కు) అలాగే ఇచ్చింది.

పేరా ముందు, అక్షరం తర్వాత

మామూలుగా కంప్యూటర్ క్లాసుల్లో బి, ఐ, యు (బోల్డ్, ఇటాలిక్, అండర్‌లైన్) బటన్లతో మొదలుపెడతారు. నేను వాటిని చివరకు నెడతాను. నా అనుభవంలో మనిషి ఇరుక్కునేది పేరా దగ్గర.

డాక్స్‌కు ఒక ఎంటర్ నుంచి ఇంకో ఎంటర్ దాకా ఉన్నదంతా ఒక పేరా. అందులో ఒక్క మాట ఉన్నా, పది లైన్లు ఉన్నా సరే. మధ్యకు తేవడం, పైనా కిందా ఖాళీ వదలడం, హెడింగ్ చేయడం అనేవి పేరా మొత్తానికి పడతాయి. వాటికి ఏదీ సెలెక్ట్ చేయక్కర్లేదు, ఆ పేరాలో ఎక్కడైనా కర్సర్ పెడితే చాలు. బోల్డ్, రంగు, సైజు అనేవి అక్షరాలకు పడతాయి. వాటికి మాత్రం కావలసినంత మేర సెలెక్ట్ చేయాలి. ఈ తేడా మనసుకెక్కితే ముప్పావు పని అయిపోయినట్టే. ఎక్కకపోతే ఏళ్ల తరబడి డాక్స్ వాడినా టెన్షన్ పోదు.

అందుకే దీని మీద ఎక్కువ సమయం పెట్టాం. పాత ఫైలు కాపీ ఒకటి తీసుకుని, ప్రతి లైను చివరి ఎంటర్‌ను ఆమె చేతనే తీయించాను. లైను చివర కర్సర్ పెట్టి డిలీట్ కొడితే కింది లైను పైకి వచ్చి అతుక్కుంటుంది, మధ్యలో ఒక స్పేస్ ఇవ్వాలి. విసుగు పుట్టించే పనే, కానీ చేతులకు కొత్త అలవాటు పడింది అక్కడే. లైను దానంతట అదే కిందికి దిగుతుందనే నమ్మకం వచ్చాక, కొత్తగా రాసేటప్పుడు ఎంటర్ దగ్గర చేయి ఆగడం మొదలైంది.

తర్వాత సంఘం పేరు ముందున్న స్పేసులన్నీ తీసేసి, కర్సర్ అక్కడే ఉంచి కంట్రోల్, షిఫ్ట్, ఇ కలిపి నొక్కమన్నాను. పేరు మధ్యకు వచ్చింది. ఫాంట్ సైజు పెంచాం, మధ్యలోనే ఉంది. కాగితాన్ని అడ్డంగా తిప్పాం, అప్పుడూ మధ్యలోనే ఉంది. ఫోన్‌లో తెరిచింది. "ఈడ గూడ నడిమిట్లనే ఉంది సార్!" అంటూ పక్క సీట్లో ఉన్నవాళ్లకు చూపించింది.

కొత్త పేజీకి ఎంటర్ల బదులు కంట్రోల్, ఎంటర్ కలిపి నొక్కాలి. పేరాల మధ్య ఖాళీ కోసం ఉత్త ఎంటర్ కొట్టకుండా లైన్ స్పేసింగ్ మెనూలో పేరా తర్వాత ఖాళీ పెట్టుకోవాలి. ఈ రెండూ వెంటనే పట్టుకుంది.

హెడింగ్‌ల దగ్గర ఆమె ఆసక్తి ఇంకా పెరిగింది. మీటింగ్ తేదీ ఉన్న పేరాలో కర్సర్ పెట్టి కంట్రోల్, ఆల్ట్, 1 నొక్కితే హెడింగ్ 1. తీర్మానం విషయానికి కంట్రోల్, ఆల్ట్, 2. మామూలు రాతకు తిరిగి రావాలంటే కంట్రోల్, ఆల్ట్, 0. ఇలా చేశాక ఎడమ పక్కన అవుట్‌లైన్‌లో తేదీలన్నీ, వాటి కింద తీర్మానాల విషయాలు వరసగా కనిపిస్తాయి. దేన్ని నొక్కితే అక్కడికి పోతుంది. నెలకో ఫైలు పెట్టుకున్న అక్క ఏడాది మొత్తానికి ఒకే ఫైలు చేసుకుంది. ఎర్ర ఇంకు చేసే పని ఇది కూడా చేస్తుందని నేను చెప్పకముందే ఆమె అన్నది.

రంగు కూడా ఎర్రదే కావాలన్నది. కావాల్సిందే. ఒక హెడింగ్‌ను ఎర్రగా, 18 సైజులో పెట్టి, స్టైల్స్ జాబితాలో హెడింగ్ 1 పక్కన 'అప్‌డేట్ హెడింగ్ 1 టు మ్యాచ్' నొక్కితే ఫైలులోని తేదీలన్నీ ఒకేసారి ఎర్రబడ్డాయి. అక్కడే 'ఆప్షన్స్' కింద డిఫాల్ట్ స్టైల్స్‌గా సేవ్ చేస్తే తర్వాత తెరిచే కొత్త ఫైళ్లకూ అదే వస్తుంది.

తెలుగు అక్షరం అడిగేవి

ఇంగ్లిష్‌లో రాసే పాఠాల్లో ఈ భాగం ఉండదు. తెలుగులో రాసేవాళ్లకు ఇదే ముఖ్యం.

అక్క ఫైలులో ఫాంట్ ఏరియల్ అని ఉంది, సైజు 11. డాక్స్ మొదట ఇచ్చేది అదే. ఆమె దాన్ని టైమ్స్ న్యూ రోమన్‌కు మార్చినా తెలుగు అక్షరాల ఆకారం మారలేదు, అంకెలు మాత్రం మారాయి. కారణం ఏమిటంటే ఆ రెండు ఫాంట్లలోనూ తెలుగు అక్షరాలు లేవు. లేనప్పుడు కంప్యూటర్ ఇంకో తెలుగు ఫాంట్ నుంచి తెచ్చి చూపిస్తుంది. కంప్యూటర్‌లో ఒక ఫాంట్ నుంచి తెస్తుంది, ఫోన్‌లో వేరే ఫాంట్ నుంచి తేవచ్చు. అందుకని ముందే తెలుగు ఫాంట్ పెట్టుకోవాలి. ఫాంట్ జాబితా పైన 'మోర్ ఫాంట్స్' నొక్కి, స్క్రిప్ట్స్‌లో తెలుగు ఎంచుకుంటే మండలి, గిడుగు, సురవరం, రామభద్ర, నోటో సాన్స్ తెలుగు లాంటివి ఎన్నో వస్తాయి. ఒకే సైజు పెట్టినా ఒకదానిలో అక్షరం చిన్నగా, ఇంకోదానిలో పెద్దగా ఉంటుంది. రామభద్ర లావుగా ఉంటుంది, శీర్షికకు బాగుంటుంది, పేరా మొత్తం అందులో చదవలేం.

తీర్మానాలకు నేను నోటో సాన్స్ తెలుగు సూచించాను. అందం కంటే బోల్డ్ కోసం. మండలి లాంటి ఫాంట్లు ఒకే మందంలో తయారైనవి. వాటిని బోల్డ్ చేస్తే కంప్యూటర్ ఉన్న అక్షరాన్నే లావు చేసి చూపిస్తుంది. చిన్న సైజులో ప్రింట్ తీస్తే సున్నాలు, తలకట్లు పూడుకుపోయినట్టు వస్తాయి. నోటోలో బోల్డ్ అక్షరాలు విడిగా గీసినవి. అప్పు మొత్తం రాసిన లైను స్పష్టంగా రావాలంటే ఇది చిన్న విషయం కాదు.

అండర్‌లైన్ మాన్పించడానికి కొంచెం కష్టపడాల్సి వచ్చింది. స్కేలు గీత ఆమెకు ఇష్టం. తీర్మానం అనే మాటనే 48 సైజులో రాసి అండర్‌లైన్ చేసి చూపించాను. ర కింద ఉన్న మ వత్తు మీదుగా గీత పోయింది. రాష్ట్రం, అధ్యక్షురాలు కూడా రాసి చూశాం. తెలుగులో వత్తులు చాలావరకు అక్షరం కిందికి దిగుతాయి కాబట్టి గీత వాటి మీద పడుతుంది. రిజిస్టర్‌లో ఆమె గీత వత్తులకు ఇంకా కిందుగా గీస్తుంది, డాక్స్ అండర్‌లైన్‌కు ఆ సంగతి పట్టదు. పేరా కింద గీత కావాలంటే ఫార్మాట్ మెనూలో పేరా స్టైల్స్ కింద 'బార్డర్స్ అండ్ షేడింగ్' ఉంది. అందులో కింది బార్డర్ ఒక్కటే పెడితే వత్తులకు తగలకుండా, పేజీ అడ్డంగా, అచ్చం స్కేలు గీతలాగే వస్తుంది. అక్క ప్రతి తీర్మానం చివర ఇప్పుడు అదే వాడుతోంది.

ఇటాలిక్ గురించి ఎక్కువ చెప్పలేదు. తెలుగు ఫాంట్లలో దాదాపు దేనికీ సొంత ఇటాలిక్ లేదు, ఉన్న అక్షరాన్నే పక్కకు వంచుతుంది. అవసరం లేదు.

రెండు అంచులూ సమానంగా ఉండాలని, పేపర్లో అలాగే ఉంటుందని ఆమె అన్నది. దినపత్రికల్లో లైను నిండగానే మాటను మధ్యలో విరిచి కింది లైనులో కొనసాగిస్తారు. డాక్స్ అలా విరవదు, మాట మొత్తాన్ని కిందికి దించుతుంది. తెలుగు మాటలు పొడుగు. కార్యవర్గసభ్యులందరూ అనే మాట ఒకటి కిందికి దిగితే పైలైనులో మాటల మధ్య పెద్ద పెద్ద సందులు పడతాయి. రెండు రకాలుగా ప్రింట్ తీసి పక్కపక్కన పెట్టాను. ఎడమ అంచు మాత్రమే సమానంగా ఉన్నది చదవడానికి బాగుందని తనే తీసుకుంది.

లైన్ల మధ్య ఎడం కూడా చూడాలి. డాక్స్ ఇచ్చే 1.15 ఇంగ్లిష్‌కు సరిపోతుంది. తెలుగులో పై లైను వత్తులు, కింది లైను గుడులు దగ్గరపడకుండా 1.3 దాకా పెంచుకోమన్నాను. ఫాంట్‌ను బట్టి కంటితో చూసి సర్దుకోవాల్సిన విషయమిది.

నంబర్ల పేచీ

ఆమె 1 అని చుక్క పెట్టి స్పేస్ కొట్టగానే డాక్స్ దాన్ని లిస్ట్‌గా మార్చేసేది. ఎంటర్ కొడితే 2 దానంతట అదే వచ్చేది. అది చూడకుండా ఆమె మళ్లీ 2 టైపు చేసేది, రెండు రెళ్లు పడేవి. తీర్మానం రెండో పేరాకు కూడా నంబరు వచ్చి కూర్చునేది. విసుగొచ్చి లిస్ట్ తీసేసి అంకెలు చేత్తోనే వేసుకుంది.

చేత్తో వేసుకుంటే మధ్యలో ఒక తీర్మానం చేరినప్పుడు కింది నంబర్లన్నీ దిద్దాలి. అందుకని లిస్ట్‌నే మళ్లీ పట్టుకున్నాం. అదే తీర్మానంలో కింది లైనుకు పోవాలంటే షిఫ్ట్, ఎంటర్ కలిపి నొక్కాలి. లిస్ట్ నుంచి బయటికి రావాలంటే ఎంటర్ రెండుసార్లు. మధ్యలో మామూలు పేరా వచ్చి నంబరు మళ్లీ 1 నుంచి మొదలైతే, ఆ నంబరు మీద రైట్ క్లిక్ చేసి ముందు లిస్ట్ నంబర్లు కొనసాగించమనాలి. ఈ మూడోది ఇప్పటికీ మరిచిపోతుంటుంది. అట్ట మీద రాసి టేబుల్‌కు అంటించుకుంది.

సంతకాల లైను మాత్రం స్పేసులతోనూ కాదు, లిస్ట్‌తోనూ కాదు. మూడు గడులు ఉన్న ఒక వరస టేబుల్ పెట్టించాను. ఎడమ గడిలో అధ్యక్షురాలు, మధ్య గడిలో కార్యదర్శి, కుడి గడిలో కోశాధికారి. టేబుల్ ప్రాపర్టీస్‌లో బార్డర్ మందం 0 చేస్తే గీతలు కనిపించవు, పేర్లు మాత్రం ఎవరి చోట వాళ్లు ఉంటారు. వేలిముద్ర వేసే సభ్యుల కోసం గడి ఎత్తు పెంచుకోవడం ఆమె సొంత ఆలోచన.

పాత కాగితాలు, ప్రింట్ షాపు

సంఘం పాత బైలాలు, కొన్ని లెటర్లు ఇంతకుముందు పట్నంలో డీటీపీ చేయించారు. ఆ ఫైలు నుంచి కాపీ చేసి డాక్స్‌లో పెడితే ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగలిసి అర్థంకాని రాత వచ్చింది. ఫైలు పాడైందని అక్క భయపడింది. పాడవలేదు. డీటీపీలో ఏళ్లుగా వాడిన 'అను' లాంటి ఫాంట్లు యూనికోడ్‌వి (ప్రతి భాష అక్షరాలకూ కంప్యూటర్‌లో సొంత స్థానం ఇచ్చే పద్ధతివి) కావు. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లోనే తెలుగు బొమ్మలు పెట్టుకున్నవి. ఆ ఫాంట్ లేనిచోట అసలు ఇంగ్లిష్ అక్షరాలే బయటపడతాయి. యూనికోడ్‌లో 1991 నుంచే తెలుగుకు సొంత స్థానాలున్నాయి, డాక్స్‌లో మనం టైపు చేసేది అదే. పాతదాన్ని యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. మార్చాక వత్తులు, సున్నాలు ఒక్కొక్కటీ చదివి సరిచూసుకోవాలి, ముఖ్యంగా పేర్లు, మొత్తాలు ఉన్నచోట. బైలాలను ఆమె అలాగే కొంచెం కొంచెంగా దిద్దుకుంటోంది.

వాట్సాప్ నుంచో ఇంకో ఫైలు నుంచో తెచ్చి పెట్టేటప్పుడు కంట్రోల్, షిఫ్ట్, వి కలిపి నొక్కాలి. అప్పుడు అక్కడి రంగులు, సైజులు రాకుండా ఉత్త మాటలే వస్తాయి. అప్పటికే కలగాపులగమైతే సెలెక్ట్ చేసి కంట్రోల్, బ్యాక్ స్లాష్ నొక్కితే అక్షరాల మీద పెట్టిన అలంకారాలు పోతాయి.

ప్రింట్ తీసే షాపుకు మొదట్లో వర్డ్ ఫైలుగా డౌన్‌లోడ్ చేసి పంపేది. ఆ కంప్యూటర్‌లో మన ఫాంట్ లేకపోతే ఇంకోటి వచ్చి, రెండు పేజీలది మూడు పేజీలవుతుంది. సంతకాల వరస ఒంటరిగా మూడో పేజీకి పోతుంది. ఇప్పుడు ఫైల్ మెనూలో డౌన్‌లోడ్ కింద పీడీఎఫ్‌గా తీసి పంపుతోంది. పీడీఎఫ్‌లో ఫాంట్ ఫైలుతోపాటే పోతుంది. కాగితం ఏ4 ఉందో లేదో పేజ్ సెటప్‌లో ముందే చూసుకోవడం కూడా అలవాటైంది.

ఇప్పుడు ఆమె పని నడిచే తీరు ఇది. మీటింగ్ జరుగుతుండగా ఫోన్‌లోనే డాక్స్ యాప్‌లో మాటలు టైపు చేస్తుంది. యాప్‌లో పైన ఉన్న ఇంగ్లిష్ 'ఏ' అక్షరం గుర్తు నొక్కి హెడింగ్‌లు కూడా అక్కడే పెట్టేస్తుంది. బార్డర్లు, సంతకాల టేబుల్ లాంటివి కంప్యూటర్ దగ్గర సర్దుతుంది. ప్రింట్ మీద సంతకాలు అయ్యాక దాన్ని రిజిస్టర్ పక్కనే ఫైలులో పెడుతుంది. రిజిస్టర్‌లో చేత్తో రాయడం మానలేదు, మానమని నేనూ చెప్పలేదు. అప్పుల పట్టికలో అంకెలన్నీ కుడి అంచుకు సమానంగా ఉండాలని, పేజీ మారినా పై వరస మళ్లీ కనిపించాలని అడిగింది. దాని కోసం వచ్చే క్లాసుకు కిందటి నెల వసూళ్ల కాగితం తెస్తానన్నది.